శనివారం ఇంజెక్షను

2024 నవంబరు తొమ్మిదో తేదీ, శనివారం, మధ్యాహ్నం మూడున్నరకి మొదలైంది. కార్తీకంలో అది రెండో శనివారం. మా తోటలో కొబ్బరి దింపు జరుగుతోంది. మనిషి చెట్టు మీద ఉన్నాడు, నేను కింద పీట వేసుకుని కాయలు లెక్కపెడుతున్నాను. మూడు వందలు దాటాక నోట్లో అంకె ఆగిపోయింది. రొమ్ములకి దిగువన, బొడ్డుకి పైన నొప్పి. కాయలు ఒలిచే గునపం మీద నన్ను బోర్లా వేసి, అది వీపులోంచి బయటికి వచ్చేదాకా నొక్కుతున్నట్టు ఉంది. ముందుకి వంగితే కొంచెం నయం, నిటారుగా కూర్చుంటే ప్రాణం పోతోంది. పీట మీద అలాగే వంగిపోయి వాంతి చేసుకున్నాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు కాబట్టి పసరు తప్ప ఏమీ రాలేదు.

నా పేరు వెంకటలక్ష్మి. అప్పటికి నాకు డెబ్బై ఒకటి. మామిడికుదురు దగ్గర ఎకరం కొబ్బరితోటలో చిన్న డాబా మాది. నా భర్త పోయి పన్నెండేళ్ళు. షుగరు వచ్చి పద్దెనిమిదేళ్ళు.

ఇంజెక్షను సంగతి ముందు చెప్పాలి. ఆ ఏడు శ్రావణంలో అమలాపురంలో నా షుగరు డాక్టరు గారు మాత్రలు సరిపోవడం లేదని వారానికోసారి పొడుచుకునే ఇంజెక్షను రాశారు. పెన్నులా ఉంటుంది, సూది కనపడీ కనపడకుండా ఉంటుంది. చల్లగా ఉంచాలన్నారు. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఉంటే చద్దివి తినబుద్ధవుతుందని నేను కొననివ్వలేదు. అందుకని పెన్నుని పక్కింటి సత్యవతి ఫ్రిజ్‌లో పెట్టుకున్నాం. సత్యవతి నన్ను పిన్నిగారూ అంటుంది, చుట్టరికం ఏమీ లేదు.

ఏ రోజు పొడుచుకోవాలి అంటే నేను శనివారం అన్నాను. నలభై ఏళ్ళుగా శనివారం నాకు ఒంటిపూట. వెంకటేశ్వరస్వామి పేరున ఒక్క పూటే భోజనం చేస్తాను. రోజు మర్చిపోకుండా ఉంటుందని ఆ రెండూ కలిపాను. సత్యవతి శనివారం పొద్దున్నే పూజ వేళకి పెన్ను తెచ్చేది. నేను దీపం పెట్టి, పొట్టకి పొడుచుకుని, పెన్ను తిరిగి ఇచ్చేదాన్ని.

ఇక్కడే నేను పొరపాటు పడ్డాను. ఆ ఇంజెక్షను ఆకలిని చంపుతుంది, అది దాని పనే. కానీ అంతకుముందు శనివారాల్లో సాయంత్రమయ్యేసరికి నీరసం వచ్చి కళ్ళు తిరిగేవి, ఇంజెక్షను మొదలెట్టాక అన్నం మాటే గుర్తుకి వచ్చేది కాదు. ఇన్నేళ్ళ ఒంటిపూటలకి స్వామి ఇప్పటికి దయ తలచాడనుకున్నాను. ఆశ్వయుజంలో డాక్టరు గారు మోతాదు పెంచారు. ఆదివారం భోంచేశాక పొట్ట పైన బరువుగా, వీపులో సలుపుగా ఉండేది. ఖాళీ కడుపులో ఒక్కసారిగా తినడం వల్ల అనుకుని వాము నమిలాను. నాలుగు ఆదివారాలు వాముతోనే గడిపాను. కడుపునొప్పి వస్తే వెంటనే ఫోన్ చెయ్యమని డాక్టరు గారు ఇంజెక్షను రాసిన రోజే చెప్పారు. నాకు గుర్తుంది కూడా. కానీ ఆయన చెప్పిన నొప్పి, నాకు వచ్చిన నొప్పి ఒకటేనని తోచలేదు. నాది ఉపవాసం నొప్పి అనుకున్నాను.

దింపు మనిషి చెట్టు దిగి మా తమ్ముడు సూరిబాబుకి ఫోన్ చేశాడు. సూరిబాబు, మా మరదలు నాగమణి కారు తెచ్చి నన్ను అమలాపురంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. శనివారం సాయంత్రం కావడంతో నా షుగరు డాక్టరు గారి క్లినిక్ మూసేసి ఉంది, అందుకని ఇంకోచోటికి. అక్కడ బల్లల మీద చోటు లేదు. నేను నేల మీద మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకున్నాను. ముక్కూ మొహం తెలియని ఒకావిడ తన చీర కొంగు మడిచి నా తల కింద పెట్టింది. తన పేరు పిలిచేదాకా ఆ కొంగు లాక్కోలేదు, అలాగే వంగి కూర్చుంది. ఆవిడ ఎందుకు వచ్చిందో, ఏమైందో తెలియదు.

రక్తం తీశారు, స్కాను తీశారు. క్లోమం, ఇంగ్లీషులో పాంక్రియాస్, వాచిందన్నారు. పిత్తాశయంలో రాళ్ళుంటే ఇలా వస్తుందట, నాకు లేవు. బ్రాందీ సారాయి తాగేవాళ్ళకి వస్తుందట. చిన్న డాక్టరు ఆ మాట అడగలేక నసుగుతుంటే సూరిబాబు, "ఆవిడ కాఫీలో పంచదారే వేసుకోదండి" అన్నాడు. ఏమేం వాడుతున్నారని అడిగితే నాగమణి మా ఇంటికి మనిషిని పంపి నా మాత్రల డబ్బా తెప్పించింది. అందులో ఉన్నవన్నీ రాసుకున్నారు. డబ్బాలో లేనిది ఎవరూ రాసుకోలేదు. నన్నడిగితే చెప్పేదాన్నో లేదో, నిజంగా నాకు తెలియదు. మాత్రలు మందు. శనివారం ఇంజెక్షను నా లెక్కలో శనివారంలో ఒక భాగం. కాగితం మీద కారణం తెలియదని రాశారు.

నాలుగో రోజున మా అమ్మాయి పద్మ మస్కట్ నుంచి వచ్చింది. పద్మకి నలభై నాలుగు. భర్త పోయాడు, పిల్లలు లేరు. తొమ్మిదేళ్ళుగా అక్కడ ఒక స్కూల్లో చిన్నపిల్లల్ని చూసుకునే ఆయా. ఆ జీతంతోనే మా తోట మూల తన కోసం రెండు గదుల ఇల్లు కట్టుకుంటోంది. గోడలు కిటికీల ఎత్తు దాకా లేచాయి. అత్తవారింట్లో తనకి చోటు లేకపోయింది, నా ఇంట్లో ఉన్నా అది నా ఇల్లే. తాళం తనదైన గుమ్మం ఒకటి ఉండాలని దాని కోరిక. స్కూలు వాళ్ళు నెల సెలవు ఇచ్చారు. డిసెంబరు పన్నెండున హైదరాబాదులో విమానం ఎక్కాలి. ఎక్కకపోతే ఇంకొకరిని పెట్టుకుంటాం అని ముందే చెప్పేశారు.

నోట్లో నీళ్ళు కూడా పొయ్యకుండా ఉంచారు నన్ను. నాలిక అట్ట ముక్కలా అయిపోయింది. పద్మ తడిగుడ్డతో పెదాలు తుడిస్తే ఆ గుడ్డని పళ్ళతో పట్టుకుని పీల్చబోయాను. నర్సు చూసి కేకలేసింది. పద్మ గుడ్డ లాక్కుని బయటికి వెళ్ళి ఏడ్చింది.

ఆ వరండాలోనే ఒకరోజు నాగమణికీ పద్మకీ మాట వచ్చింది. తలుపు తీసే ఉంది, నాకు వినపడింది. కన్నతల్లి ఇలా ఉంటే మళ్ళీ వెళ్తావా, అక్కడ పరాయి పిల్లల ముక్కులు తుడవకపోతే ఏం పోయిందే అని నాగమణి అంది. పద్మ గొంతు పెంచలేదు. "ఆ ముక్కులు తుడిస్తేనే అత్తా ఆ గోడలు లేచేయి. నీ కోడలికి నువ్వు పెట్టిన గొలుసు మావయ్య కష్టమైతే, అవి నా కష్టం" అంది. తర్వాత రెండ్రోజులు నాగమణి క్యారేజీ పంపలేదు. మూడోరోజు తనే తెచ్చి, పద్మ పక్కన కూర్చుని వడ్డించింది. నాగమణి చెడ్డ మనిషి కాదు. ఆసుపత్రి వరండాలో అన్ని రోజులు కూర్చుంటే ఎవరికైనా నాలుక పదునెక్కుతుంది.

నవంబరు ఇరవై రెండున ఇంటికి పంపారు. నూనె, నెయ్యి, కొబ్బరి వద్దన్నారు. కొబ్బరితోటలో కూర్చుని కొబ్బరి లేని కూర. పాత మందులు వాడుకోమన్నారు.

ఆ మర్నాడు శనివారం. ఒంటిపూట వద్దని పద్మ ఖండితంగా చెప్పింది, సరేనన్నాను. పద్మ నా కోసం జావ కాస్తుండగా సత్యవతి వచ్చింది. గడప అవతల నుంచే, పోయిన వారం మీరు ఆసుపత్రిలో ఉండి వేసుకోలేదు కదా పిన్నిగారూ, అందుకే గుర్తు పెట్టుకుని తెచ్చేను అంది. వానలకి కరెంటు పోయినప్పుడు పెన్ను పాడవకుండా ఐసు డబ్బాలో పెట్టి కాపాడిందట. ఆ మాట నాకు అమృతంలా అనిపించింది. దాని చెయ్యి పట్టుకుని కళ్ళకి అద్దుకున్నాను. పొట్టకి పొడుచుకుని పెన్ను తిరిగి ఇచ్చాను. పద్మ చూసింది కూడా. షుగరు ఇంజెక్షను అంటే ఇన్సులిన్ అనుకుంది, ఆసుపత్రిలో రోజూ వేసేవాళ్ళు కదా.

తర్వాతి శనివారం, ఆ తర్వాతి శనివారం, రెండూ అలాగే. డిసెంబరు ఏడు మూడోది.

తొమ్మిదో తేదీ సోమవారం పొద్దున్న వీపులో సలుపు మొదలైంది. మధ్యాహ్నానికి గునపం మొన తెలిసింది. నాకు అప్పుడే అర్థమైంది, ఇది అదేనని. పద్మ పెట్టె సర్దుకుంటోంది. మంగళవారం ఇంకొంచెం ఎక్కువైంది. పద్మ ఎదుట నిటారుగా కూర్చున్నాను. అది తోటలోకి వెళ్ళినప్పుడు వంగాను. జావ గ్లాసు మొక్కకి పోశాను. రెండు రోజులు ఓర్చుకుంటే బిడ్డ విమానం ఎక్కేస్తుంది, ఎక్కాక సూరిబాబుకి చెప్పుకోవచ్చు అని నా లెక్క.

బుధవారం మధ్యాహ్నం ఆటో వచ్చింది. రావులపాలెంలో హైదరాబాదు బస్సు ఎక్కాలి. పద్మ చెప్పులేసుకుని, మళ్ళీ విప్పి లోపలికి వచ్చి నా ముందు గొంతుక్కూర్చుంది.

"అమ్మా, నీ మొహం బాలేదు. నొప్పి ఉందా?"

"లేదే."

"నా నెత్తి మీద చెయ్యేసి చెప్పు."

నా జన్మలో పిల్ల నెత్తి మీద చెయ్యేసి అబద్ధం ఆడలేదు. మా వైపు ఎవరూ ఆడరు. దొంగ ఒట్టు పెట్టుకున్నవాళ్ళకి కాదు, ఎవరి నెత్తిన పెడితే వాళ్ళకి తగులుతుందని నమ్మకం. చెయ్యి పెట్టాను. తలంటుకుంది కాబట్టి జుట్టు ఇంకా తడిగా ఉంది.

"నొప్పి లేదు. వెళ్ళిరా" అన్నాను.

ఆటో కాలవ గట్టు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడే ఉన్నాను. తర్వాత గోడ పట్టుకుని జారిపోయాను. దీపాల వేళకి ఇంట్లో లైటు వెలగలేదని సత్యవతి వచ్చి చూసింది. నేను గుమ్మంలోనే ఉన్నాను, మాట లేదు.

అమలాపురం వాళ్ళు చూసి కాకినాడ తీసుకెళ్ళమన్నారు. అంబులెన్సులో సూరిబాబు, సత్యవతి. సత్యవతి పొయ్యి మీద అన్నం వదిలేసి, ఇంట్లో కట్టుకున్న చీరతోనే వచ్చేసింది. కాకినాడ డాక్టరు కూడా ఏమేం వాడుతున్నారని అడిగారట. సూరిబాబు మాత్రల చీటీ ఇచ్చాడు. ఇవేనా, ఇంకేమీ లేవా అన్నారట. సత్యవతి ముందుకి వచ్చి చెప్పిందట: "శనివారం ఇంజెక్షను ఉందండి. మా ఫ్రిజ్జులోనే ఉంటుందండి. నేనే తెచ్చి ఇస్తానండి."

డాక్టరు కలం కిందపెట్టి, ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా ఇచ్చేరా అని అడిగారట. ఆయ్, మూడు వారాలు ఇచ్చేనండి, ఒక్కటీ తప్పలేదండి అందట సత్యవతి. ఆ మాట అన్నప్పుడు దాని మొహంలో కొంచెం సంతోషం కూడా ఉందని సూరిబాబు తర్వాత నాకు చెప్పాడు. చెప్పకుండా ఉంటే బాగుండేది.

పద్మకి గురువారం పొద్దున్న ఫోన్ వెళ్ళింది. అప్పటికి విమానాశ్రయంలో పెట్టె అప్పగించే వరుసలో నిలబడి ఉందట. ముందు ఇద్దరే ఉన్నారట. వరుసలోంచి పక్కకి వచ్చేసింది.

కాకినాడలో మొదటి పదకొండు రోజులు నాకు లేవు. తర్వాత తెలివి వచ్చింది గానీ, రాకపోతే బాగుండేదని అనుకున్నాను. ముక్కులో గొట్టం, పొట్టలో గొట్టం. లోపల కొంత భాగం కుళ్ళిందని, చీము చేరిందని, తీస్తున్నామని చెప్పారు. ఆ వివరాలు నాకు పూర్తిగా తెలియవు, తెలుసుకోవాలనీ లేదు. నాకు తెలిసింది చలి. జ్వరం వచ్చే ముందు మంచం చప్పుడయ్యేలా వణికేదాన్ని. పక్క మంచం మీది మనిషిని ఒకరోజు తెర అడ్డం లాగి తీసుకెళ్ళిపోయారు. నాకు అసూయ వేసింది. ఈ మాట రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఇలాంటి రోగంతో పడుకున్న ఇంకో మనిషి ఇది చదివి, ఇలా అనిపించింది నాకొక్కదానికే కాదని తెలుసుకుంటుందేమోనని రాస్తున్నాను.

ఇంజెక్షను సంగతి అక్కడి పెద్ద డాక్టరు నాకు తనే వచ్చి చెప్పారు. "చాలా అరుదు మామ్మగారూ. ఎందరో సుఖంగా వాడుకుంటున్నారు. మీకు పడలేదు. మొదటిసారే తెలిసుంటే ఆపేసేవాళ్ళం, ఇంతదాకా వచ్చేది కాదేమో" అన్నారు. ఇదే కారణమని ఒట్టేసి చెప్పలేనని కూడా అన్నారు. ఒట్టు అనే మాట వినేసరికి నేను మొహం గోడ వైపు తిప్పుకున్నాను. ఆయనకి అర్థం కాలేదు.

పద్మ బయట హాల్లో చాప మీద ఉండేది. రోజుకి రెండుసార్లు, పావుగంట చొప్పున లోపలికి పంపేవారు. పిఠాపురం వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన, భార్య లోపల ఉందట, రోజూ పొద్దున్న తనకి టీ తెచ్చుకుంటూ పద్మకీ తెచ్చేవాడట. భార్య పోయిన రోజున కూడా తెచ్చి ఇచ్చి, ఇదే ఆఖరు అమ్మా అని చెప్పి వెళ్ళాడట.

మస్కట్ నుంచి కబురు నేను తెలివిలో ఉండగానే వచ్చింది. పద్మ నాకు చెప్పలేదు. పావుగంటలో మందుల చీటీ గురించి, వాన గురించి మాట్లాడింది. నేనే అడిగాను. "వేరే ఆవిణ్ణి పెట్టుకున్నారు. పిల్లలు నన్ను అడుగుతున్నారంట" అంది. అంతే.

నేను ఊరుకోలేకపోయాను. "అందుకే నొప్పి సంగతి చెప్పలేదే నీకు. వెళ్ళిపోతావనుకున్నాను" అన్నాను.

పద్మ నా వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. "సోమవారం చెప్తే సోమవారమే ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళం. స్కూలు వాళ్ళని బతిమాలుకోడానికి మూడు రోజులుండేవి నాకు. నా నెత్తి మీద చెయ్యేసి నా మూడు రోజులూ తీసేసుకున్నావమ్మా" అంది. బయట గంట కొట్టారు, వెళ్ళిపోయింది. సాయంత్రం పావుగంటకి మామూలుగానే వచ్చి నా గోళ్ళు తీసింది.

జనవరి ఇరవై ఏడున ఇంటికి వచ్చాను. మంచం మీద నుంచి లేచి కూర్చోడానికి మాఘం, ఫాల్గుణం పట్టాయి. ఇప్పుడు కర్ర పట్టుకుని తోటలో నాలుగు చెట్ల దాకా నడుస్తాను.

ఇది చదివేవాళ్ళలో ఆ ఇంజెక్షను వాడేవాళ్ళు ఉంటే, భయపడి మీకు మీరు మానెయ్యకండి. అది మీ డాక్టరు తేల్చాల్సిన మాట. నేను చెప్పేది ఇంతే. పొట్ట పైభాగంలో పట్టుకుని వీపులోకి దిగే నొప్పి వస్తే దానికి మీరు పేరు పెట్టకండి. ఉపవాసం వల్ల అనకండి, పులుపు వల్ల అనకండి. డాక్టరు ఏం వాడుతున్నారని అడిగితే డబ్బాలోవి, ఫ్రిజ్‌లోవి, పక్కింట్లోవి అన్నీ చెప్పండి. మీ నోటితో మీరే చెప్పండి.

పోయినవి ఇవి.

ఒంట్లో పద్నాలుగు కిలోలు. క్లోమంలో సగానికి పైన. ఇప్పుడు పూటపూటకీ ఇన్సులిన్, అన్నంతో పాటు అరుగుదల మాత్ర, బతికున్నంత కాలం. మా ఇంట్లో కూడా ఫ్రిజ్ వచ్చింది. తలలో మిగిలిన కాస్త తెల్ల జుట్టు కూడా పోయింది. శనివారం ఒంటిపూట.

సత్యవతి. పక్కింట్లోనే ఉంది. నా వల్లే అని ఒకసారి వచ్చి నా కాళ్ళ మీద పడి ఏడ్చింది. కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆ తర్వాత మా గడప తొక్కలేదు. కూర వండితే గిన్నె గోడ మీద పెట్టి పిలిచి వెళ్ళిపోతుంది.

పద్మ ఉద్యోగం, తొమ్మిదేళ్ళది. రాజోల్లో బట్టల షాపులో పొద్దుట్నుంచి దీపాల వేళ దాకా నిలబడుతోంది ఇప్పుడు. తోట మూల గోడలు కిటికీల ఎత్తులోనే ఉన్నాయి. మొన్నటి వానలకి లోపల గడ్డి మొలిచింది. తీసెయ్యమంటే, ఉండనీ అంది.

ఇంకొకటి. పద్మ ఇప్పుడు నన్ను నొప్పి ఉందా అని అడగదు. రాజోలు బస్సు ఎక్కే ముందు నా పొట్ట మీద చెయ్యి పెట్టి, వేళ్ళతో నొక్కి, నా మొహం చూసి, తనే తేల్చుకుని వెళ్తుంది.